ఏ మనసుతో బల్ల దిగిందో

కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్లు నన్ను ముందు అడిగేది లోపల పెట్టి తెరిచి చూసే పరికరం, స్పెక్యులం గురించి. ఎట్లా పట్టుకోవాలి, ఎంత తెరవాలి, లైటు ఏ పక్క పెట్టుకోవాలి. అన్నీ చెప్తాను. చేతి పని తొందరగానే అబ్బుతుంది. దానికంటే ముందు నేర్వాల్సింది వేరే ఉంది. నస్రుల్లాబాద్ మండలంలో ఇన్నేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక నాకు గట్టిగా అర్థమైంది ఇది: గర్భసంచి మూతి పరీక్షకు ఒక ఆడమనిషిని మొదటిసారి తీసుకొచ్చేది ఆశ వర్కర్ ఓపిక. రెండోసారి తీసుకొచ్చేది, మొదటిసారి ఆమె ఏ మనసుతో బల్ల దిగిందో ఆ మనసు.

ఈ పరీక్షలో రెండోసారి రావడం చిన్న విషయం కాదు. ముప్పై ఏళ్ల నుంచి అరవై అయిదేళ్ల దాకా అయిదేళ్లకోసారి చూడాలని 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. అంటే ఒక్కో మనిషి బతుకులో ఏడెనిమిది సార్లు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. తెలంగాణలో 3.3. ఒక్కసారికే ఈ గతి అయితే ఏడెనిమిది సార్ల మాట ఎక్కడ? 2022లో మన దేశంలో గర్భసంచి మూతి క్యాన్సర్ కొత్తగా 1,27,526 మందికి వచ్చిందని, 79,906 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

ఇది నెమ్మదిగా ముదిరే జబ్బు. హెచ్‌పీవీ అనే వైరస్ కాపురం చేసే చాలామందికి ఏదో ఒక వయసులో సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా మొండికేసిన కొద్దిమందిలో మూతి దగ్గరి పొర మారుతుంది. ఆ మార్పు క్యాన్సర్ అయ్యేసరికి పది, పదిహేనేళ్లు పడుతుంది. ఆ లోపల దొరికిందా, చిన్న వైద్యంతో పోతుంది. కానీ ఆ పదేళ్లూ నొప్పి ఉండదు, రక్తం కనపడదు, పొలం పని ఆగదు. ఏమీ కానప్పుడే రమ్మని పిలవడం మన ఉద్యోగం. కష్టమంతా అక్కడే ఉంది.

ట్రైనింగులో మాకు పాఠం చెప్పిన డాక్టరమ్మ ఉస్మానాబాద్ సంగతి చెప్పింది. 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లానే అది. అక్కడ 1999లో మొదలుపెట్టి లక్షా ముప్పై వేలకు పైగా ఆడవాళ్లను నాలుగు గుంపులు చేసి చూశారు. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకు వైద్యం ఇచ్చిన గుంపులో ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి పడిపోయాయి. ఒక్కసారి వీఐఏ, అంటే ఎసిటిక్ యాసిడ్ పెట్టి కంటితో చూసే పరీక్ష, చేసిన గుంపులో చెప్పుకోదగ్గ తగ్గుదల కనపడలేదు. అదే వీఐఏని ముంబై బస్తీల్లో రెండేళ్లకోసారి, నాలుగు విడతలు చేస్తే చావులు 31 శాతం తగ్గాయి. అక్కడ పరీక్ష చేసినవాళ్లు డాక్టర్లు కారు. పదో తరగతి దాకా చదివి, కొన్ని వారాల శిక్షణ పొందిన ఆడవాళ్లు. తమిళనాడు దిండిగల్‌లో ఒక్క విడత వీఐఏతోనే చావులు తగ్గిన మాటా నిజమే. అయినా మన చేతిలో ఉన్నది ఎసిటిక్ యాసిడ్, లైటు మాత్రమే అయినప్పుడు నేను ముంబై పాఠమే పట్టుకుంటాను. చూసినవాళ్లను మళ్లీ చూడాలి.

ఇక పని చెప్తా, విను చెల్లీ. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 5 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 95 మిల్లీలీటర్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ముందు దూదితో జిగురు తుడువు. గులాబీ రంగు పొర, ఎర్ర పొర కలిసే గీత ఎక్కడుందో చూడు. యాసిడ్‌లో తడిపిన దూది మూతికి ఆనించి ఒక నిమిషం ఉంచు. ఆ గీతను అంటుకుని దట్టంగా, అంచు తెలిసేలా తెల్ల మచ్చ లేస్తే రాసుకో, రిఫర్ చెయ్యి. యాభై దాటినవాళ్లలో ఆ గీత లోపలికి జరిగిపోతుంది, కనపడకపోవచ్చు. కనపడకపోతే కనపడలేదనే రాయి, బాగుందని రాయకు. వాళ్లకు వేరే పరీక్ష కావాలి.

ఈ పని నాకు నేర్పింది మా పెద్ద సిస్టర్. ఇప్పుడు రిటైరై మనవలతో ఉంది. ఆమె చేతి కింద నేర్చుకున్నందుకు నాకు గర్వం. ఆమె ఎన్నడూ ట్రేలోంచి తీసిన స్పెక్యులం తీసినట్టు వాడలేదు. సంక్రాంతి ముందటి చలిలో ఇనుము ఎంత చల్లగా ఉంటుందో పట్టుకున్నవాళ్లకే తెలుసు. గోరువెచ్చని నీళ్లలో ముంచేది, తన మోచేతి లోపలి వైపు ఆనించి చూసుకునేది, ఆ తరువాత పేషెంటు తొడకు ఒకసారి తగిలించేది. “ఇదే అమ్మా, గింతే వెచ్చగుంటది” అనేది. లోపలికి పోయే వస్తువు ఏదో, ఎట్లాంటిదో ముందే ఒంటికి తెలిస్తే సగం బిగువు అక్కడే వదులుతుంది.

ఆమె చెప్పిన ఇంకో కిటుకు కాలివేళ్లు. బల్ల ఎక్కిన ఆడవాళ్లు కొంగు మొహం మీద కప్పుకుంటారు. మొహం చూసి నొప్పి కనిపెట్టలేవు. నోటితో చెప్పరు, ఓర్చుకోవడమే మర్యాద అని పెంచారు కదా. కాలివేళ్లు మాత్రం అబద్ధం ఆడవు. వేళ్లు ముడుచుకుని మట్టెలు పక్క వేలికి ఒత్తుకుంటున్నాయంటే, చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆపు. ఊపిరి నోటితో బయటికి వదలమను. వేళ్లు విచ్చుకున్నాక ముందుకు పో. నేను ఇప్పటికీ స్క్రూ తిప్పే ముందు ఒకసారి కాళ్లవైపు చూస్తాను.

యాసిడ్ పెట్టిన నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. కొంచెం చురుక్కుమంటుంది కూడా. ఆ నిమిషంలో “భయపడకు, భయపడకు” అంటే భయం పెరుగుతుంది. నేను నాట్ల గురించి అడుగుతాను. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లు మావి, వరి ముచ్చట తెగదు. నీళ్లు వదిలారా, కూలి ఎంత నడుస్తున్నది, మిషన్ కోతకు ఎకరానికి ఎంత అడుగుతున్నారు. ఆమె కాలువ మీద కోపంతో మాట్లాడుతుండగానే నిమిషం అయిపోతుంది. కళ్లు మాత్రం మూతి మీదే ఉండాలి. మాట నోటిది, చూపు పనిది.

మొదటినుంచీ నేను పాటించే నియమం: ఆపమంటే ఆపుతాను. చెప్పడమే కాదు, నిజంగా ఆపాలి. దుర్కి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, అరవైకి దగ్గర. బల్ల ఎక్కింది, స్పెక్యులం ఆనగానే “వద్దు బిడ్డా” అంది. తీసేశాను. బయట వరుస ఉంది, ఆశ వర్కర్ గడియారం చూస్తున్నది. దుప్పటి కప్పి, కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చాను. స్పెక్యులం ఆమె చేతికే ఇచ్చి తెరిచి మూయమన్నాను. ముడుపు విప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ పడుకుంది, మళ్లీ వద్దంది, మళ్లీ తీసేశాను. ఆ తరువాత తనే “ఇగ కానియ్యి” అంది. ఆ వయసులో లోపల తడి ఆరిపోయి ఉంటుంది, చిన్న సైజు తీసుకుని నీళ్లతో తడిపి చేశాను. తరువాతి నెలలో ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. “ఈమె ఆపుమంటె ఆపుతది” అని వాళ్లకు నా ముందే చెప్పింది. నా ఉద్యోగంలో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను అందుకోలేదు.

అప్పటినుంచీ అత్తల్ని ముందు పిలుస్తున్నాం. కోడలు వస్తానంటే అత్త ఆపగలదు. అత్త చేయించుకుని వస్తే కోడలిని ఆపేవాళ్లు ఉండరు. పైగా వయసు చూసుకున్నా అత్తకే ముందు అవసరం. ఈ ఆలోచన నాది కాదు, మా ఆశ వర్కర్లలో ఒకామెది. మహిళా సంఘం మీటింగులో కూర్చుని, ఎవరి మాట ఎవరు వింటారో చూసి చెప్పింది.

సిగ్గు గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడతారు. “ముగ్గురు పిల్లల్ని కన్నది, ఇంకా సిగ్గేమిటి” అంటారు. ఆ మాట మన గదిలో వినపడకూడదు. నేను ఈ మండలానికి రాకముందు ఒక ఊళ్లో క్యాంపు పెట్టారట. స్కూలు గది, తలుపుకు గొళ్లెం లేదు, బల్ల తలుపుకు ఎదురుగా. పరీక్ష నడుస్తుండగా ఎవరో తలుపు తోశారు. లోపలున్న మనిషి అక్కడే లేచి వెళ్లిపోయింది. ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఒక్క మనిషి అవమానం ఊరందరి ఒంటికీ తగిలింది. కాబట్టి ఏ క్యాంపుకు పోయినా నేను ముందు చూసేది గొళ్లెం. బల్ల తిప్పించి కాళ్లు గోడవైపు ఉండేలా వేయిస్తాను. చీర విప్పమనను, లంగా పైకి జరిపితే చాలు. డాక్టర్ సార్ అయినా సరే, తలుపు కొట్టి పిలిచి ఆగాల్సిందే.

మా దగ్గర ఇంకో రకం భయం ఉంది, పుస్తకాల్లో దొరకదు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ఊళ్లు మావి. ఒకామె నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: “మా ఆయన దుబాయ్‌ల ఉంటడు సిస్టర్. నేనొక్కదాన్నే గీ పరీక్షకు వస్తే ఊళ్లె ఏమనుకుంటరు?” ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఊరు నిజంగానే అనుకుంటుంది. ధైర్యం చెప్పి పంపితే ఆ మాటలు పడేది ఆమె, మనం కాదు. అందుకే పద్ధతి మార్చాం. 2023 మార్చి 8న రాష్ట్రంలో ‘ఆరోగ్య మహిళ’ మొదలయ్యాక మంగళవారం ఆడవాళ్ల రోజు అయింది. ఆ రోజు బీపీ, షుగర్, రక్తం, రొమ్ము పరీక్ష అన్నీ ఒక్క వరుసలో చేస్తాం. వచ్చిన ప్రతి మనిషీ అదే కర్టెన్ వెనక్కి పోయి, అంతే సేపు ఉండి వస్తుంది. లోపల ఏ పరీక్ష అయిందో ఆమెకు, నాకు తప్ప తెలియదు. గల్ఫ్ వాళ్ల ఇళ్ల నుంచి ఎక్కువమంది రావడం అప్పుడే మొదలైంది.

బీడీలు చేసేవాళ్ల కష్టం వేరు. వాళ్ల కూలి వెయ్యి బీడీల లెక్కన. సగం పూట మన దగ్గర కూర్చుంటే ఆ సగం పూట కూలి పోయినట్టే. ఆ దిగులుతో కూర్చున్న మనిషి ఒళ్లు వదులు చెయ్యదు. వాళ్లను ముందు పిలిచి ముందు పంపించు. వరుసలో ఉన్నవాళ్లు గొణిగితే కారణం చెప్పు, ఒప్పుకుంటారు.

అన్నిటికంటే పెద్ద భయం గర్భసంచి పోతుందని. ఇది ఊహ కాదు, చూసి వచ్చిన భయం. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువగా ఆంధ్రప్రదేశ్‌లో, తరువాత తెలంగాణలో తేలారు. 15-49 ఏళ్లవాళ్లలో అక్కడ 8.9 శాతం, మన దగ్గర 7.7. తెల్లబట్ట అవుతుందని పోతే, క్యాన్సర్ అవుతుందని బెదిరించి తీసేసిన కథ ప్రతి ఊళ్లో ఒకటి వినపడుతుంది. అట్లా బెదిరిన ఊరికి మనం మళ్లీ అదే క్యాన్సర్ మాట మోసుకుపోతున్నాం. కాబట్టి నేను మొదటి మాటగానే చెప్తాను: ఈ పరీక్షలో ఏదీ కొయ్యరు, ఏదీ తీయరు. మచ్చ కనపడినా మూతి మీద ఆ ఒక్క చోటికే వైద్యం, వేడి పరికరం ఒక నిమిషంలోపు ఆనిస్తారు, సంచి అట్లాగే ఉంటుంది. ఎక్కువమందికి దానితోనే సరిపోతుంది. సరిపోనివాళ్ల సంగతి పెద్ద డాక్టర్లు కాగితం మీద చూపించి చెప్తారు. అప్పటికే సంచి తీసినవాళ్లు “నాకేం లేదు గద” అంటే కాగితాలు తెమ్మను. మూతితో సహా తీసి ఉంటే, అది క్యాన్సర్ కోసమో, దాని ముందస్తు మార్పు కోసమో కాకపోతే, పరీక్ష అక్కర్లేదు. మూతి ఉంచి పైభాగం మాత్రమే తీసి ఉంటే మాత్రం కావాలి.

సంతకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు తల్లులు ఆడపిల్లల టీకా గురించి అడుగుతారు, అడిగి ఖమ్మం పేరు ఎత్తుతారు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. టీకా తీసుకున్నవాళ్లలో కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. నేను ఈ రెండు సంగతులూ ఆ తల్లులకు చెప్తాను, ఒకటి చెప్పి ఒకటి దాచను. టీకా మంచిదే. అయినా అడగకుండా వేసినదాన్ని జనం మరిచిపోరు. అందుకే మన గదిలో ఒప్పుకోలు ఆమెది ఆమే ఇవ్వాలి. భర్త ఫోన్లో సరే అన్నాడని, ఆశ వర్కర్ తెచ్చిందని బల్ల ఎక్కించకు.

తెల్ల మచ్చ కనపడ్డప్పుడు నీ చేతులు వణుకుతాయి. నాకు మొదటిసారి కనపడింది ఒక బీడీ కార్మికురాలికి. పెద్ద సిస్టర్‌ను పిలిచి చూపించాను, అవునంది. ఆమెకు బల్ల మీద ఏమీ చెప్పలేదు. లేచి, చీర సర్దుకుని, కుర్చీలో కూర్చున్నాక, తలుపు వేసి, కళ్లకు కళ్లు కలిపి పెద్ద సిస్టరే చెప్పింది: “ఇది క్యాన్సర్ కాదు. వదిలేస్తే ఎప్పటికో కావచ్చు. పెద్ద దవాఖానల ఒకసారి చూపిద్దాం.” ఆమె అడిగిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. “మా ఆయనకు ఏమని చెప్పాలె? ఎవరి నుంచి వచ్చిందంటడు” అంది. కాపురం చేసేవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేదే, ఏళ్లకేళ్లు బయటపడకుండా ఉంటుంది, ఎవరి నుంచి ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు, ఎవరి నడతకూ అది సాక్ష్యం కాదు. ఈ మాటలు నువ్వు నిద్రలో లేపినా చెప్పగలగాలి. బాన్సువాడ బస్సు ఎక్కేదాకా ఆశ వర్కర్ ఆమె చెయ్యి వదల్లేదు. పైకి పంపారు, ముక్క పరీక్ష అయింది, ముందస్తు మార్పే అని తేలింది, వైద్యం అయింది. వైద్యమైన రోజు రాత్రి ఇంట్లో అన్నం తనే వండింది. ఇప్పుడు సంఘం మీటింగులో నాకంటే ఆమె మాటే నడుస్తుంది.

భయం గురించి ఇంత చెప్పాను కానీ, మళ్లీ రాకుండా చేసేది ఎక్కువసార్లు భయం కాదు, నిశ్చింత. “మంచిగుంది” అని చెప్పి పంపితే గండం గడిచిందనుకుంటారు. ఒకామె అట్లాగే వెళ్లింది. మళ్లీ సమయం వచ్చాక ఆశ వర్కర్ ఎన్నిసార్లు పోయినా “అప్పుడే మంచిగున్నదన్నరు గద” అని తిప్పి పంపింది. నెలసరి ఆగినాక మళ్లీ రక్తం కనపడితే అప్పుడు వచ్చింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది. రేడియేషన్ తీసుకుని బతికి వచ్చింది, కానీ నాటు వంగి వేసే ఒళ్లు కాదు ఇప్పుడు. ఆమె ఎదురైనప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. ముందే దొరకాల్సింది.

అందుకే నేను “మంచిగుంది” దగ్గర ఆపను. “ఈసారికి మంచిగుంది” అంటాను, వెంటనే పిల్లల చదువు అడుగుతాను. అయిదేళ్లు అని తారీఖు రాసిస్తే కాగితం పోతుంది. “నీ చిన్నోడు ఇప్పుడు అయిదో తరగతి కదా, వాడు పదో తరగతి పరీక్ష రాసే ఏడు నువ్వు నా దగ్గరికి రావాలె” అంటే మరిచిపోరు. పిల్లలు పెద్దవాళ్లయితే మనవల వయసు. రిజిస్టర్‌లో పేరు పక్కన అదే రాస్తాను. ఆన్‌లైన్‌లో ఎక్కించేది ఎట్లాగూ ఎక్కించాలి, కానీ ఆమెకు గుర్తుండేది ఇది.

హెచ్‌పీవీకి ఆడవాళ్లే లోపలి నుంచి స్వాబ్ తీసుకుని ఇచ్చే పద్ధతి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది. అది ఊళ్ల దాకా వస్తే సిగ్గు గొడవ చాలా తీరుతుంది, రావాలని నా కోరిక. వచ్చేదాకా మన చేతులు, మన గోరువెచ్చని నీళ్లు ఉన్నాయి.

వచ్చే మంగళవారానికి నెమ్లి, మిర్జాపూర్ పేర్లు తీసి పెట్టాను. నాట్లు మొదలుకాకముందే పిలవాలి, మొదలైతే ఎవరూ దొరకరు. రుతుస్రావంలో ఉన్నవాళ్లను, కడుపుతో ఉన్నవాళ్లను, కాన్పై మూడు నెలలు దాటనివాళ్లను వేరే తేదీకి రాయి. ఫోను కొడుకో, మొగుడో ఎత్తితే “బీపీ, షుగర్ చూపించుకోను రమ్మన్నరు” అని మాత్రం చెప్పు. మిగిలింది ఆమె ఎత్తినప్పుడు.